గేదెకి ఈ-వే బిల్లు

చాలా రోజులుగా రాద్దామనుకుంటూ వాయిదా వేస్తున్న విషయం ఇది. మొన్న కోదాడ వెళ్తూ సూర్యాపేట దాటాక టీ కోసం ఆగకపోయుంటే ఇంకో ఆర్నెల్లు వాయిదా వేసేవాణ్ణేమో.

టీ కొట్టు పక్కన ఒక లారీ ఆగి ఉంది. పైన పట్టా కప్పేశారు. వెనక డోరు సందులోంచి ఒక గేదె మూతి బయటికి పెట్టి ఊపిరి తీసుకుంటోంది. కనపడ్డ ప్రతిదాన్నీ లెక్కపెట్టడం నాకున్న జబ్బు, లెక్కపెట్టాను. పద్దెనిమిది దాకా తేలింది. కింద ఇంకా కొన్ని ఉన్నాయి. అవి పడుకున్నాయో, పడిపోయాయో తెలీలేదు.

డ్రైవర్ పెద్దాయన. "ఎన్ని ఉన్నాయన్నా?" అనడిగితే నవ్వి ఊరుకున్నాడు. టీ సగం అయ్యాక ఆయనే అన్నాడు, "ఆరే ఎక్కించాలని రూలు సార్. ఆరింటికి కిరాయి గిట్టుద్దా? మీరే చెప్పండి."

రూలు నాకు తెలీదు, ఆయనకి తెలుసు!

ఇంటికొచ్చి వెతికితే ఆయన చెప్పింది నిజమే. 1978 నాటి పశువుల రవాణా నిబంధనల ప్రకారం లారీకి ఆరు పశువులు మించకూడదు. ప్రయాణానికి పనికొస్తాయని డాక్టర్ సర్టిఫికెట్ ఉండాలి. 2016 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహనాల నిబంధన అయితే ఆవుకైనా గేదెకైనా తలకి 2 చదరపు మీటర్ల జాగా ఇవ్వాలంటుంది, మధ్యలో అడ్డగోడలతో సహా. ఇరవై అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు బాడీ అంటే సుమారు 14 చదరపు మీటర్లు. అంటే మళ్ళీ ఆరూ ఏడు దగ్గరికే వస్తుంది. నిబంధన రాసినవాళ్ళు లెక్క సరిగ్గానే వేశారు.

మరి తప్పితే? జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం, 1960. మొదటిసారి దొరికితే 10 నుంచి 50 రూపాయల జరిమానా. ఆ రోజు మేం తాగిన టీలకి అంతకంటే ఎక్కువే అయింది. 2014లో జల్లికట్టు తీర్పులో సుప్రీంకోర్టు ఈ శిక్షలు పెంచమని పార్లమెంటుకి గట్టిగానే చెప్పింది. 2022 నవంబర్లో కేంద్రం ఒక సవరణ ముసాయిదా బయటపెట్టింది. అది ఇంకా ముసాయిదాగానే ఉంది.

ఇప్పుడు ఎగుమతుల సంగతి. 2023 జూన్లో కేంద్రం, 1898 నాటి దిగుమతుల చట్టం స్థానంలో, బతికున్న పశువుల ఎగుమతిని కూడా కలుపుతూ ఒక బిల్లు ముసాయిదా పెట్టింది. అభిప్రాయాలకి ఇచ్చిన గడువు పది రోజులు. కుక్కలూ పిల్లులూ కూడా ఆ జాబితాలో ఉన్నాయనేసరికి మన ఐటీ జనం ఒక్కసారిగా లేచారు. నేనూ ఆన్‌లైన్ సంతకం పెట్టాను. రెండు వారాల్లోపే వెనక్కి తీసుకున్నారు. భలే పని చేశామనుకుని పడుకున్నాను.

ఆ సంతకం తప్పని అనట్లేదు. 2019లో రొమేనియా తీరంలో క్వీన్ హింద్ అనే ఓడ 14 వేలకి పైగా గొర్రెలతో ఒరిగిపోయింది, వాటిలో చాలా భాగం చనిపోయాయి. ఆ మరుసటేడు జపాన్ దగ్గర గల్ఫ్ లైవ్‌స్టాక్ 1 మునిగింది. దాదాపు 6 వేల పశువులూ, సిబ్బందిలో ఇద్దరు తప్ప మిగతా వాళ్ళందరూ పోయారు. న్యూజిలాండ్ 2023లో ఓడల్లో పశువుల ఎగుమతి ఆపేసింది. బ్రిటన్ 2024లో నిషేధిస్తూ చట్టం చేసింది. ఆస్ట్రేలియా గొర్రెల ఎగుమతిని 2028 మే నుంచి ఆపుతానంది. మాంసం ఫ్రీజ్ చేసి పంపే వీలున్నప్పుడు ప్రాణంతో సముద్రం దాటించాల్సిన పనేంటి? మన దేశం నుంచి పోయే గేదె మాంసం ఎలాగూ ఫ్రీజ్ చేసే పోతోంది. (నేను శాకాహారిని కాదు, ఆదివారం మటన్ లేకపోతే మా ఇంట్లో తగువే.)

కానీ ఓడ ఎక్కని గేదెకి కూడా లారీ తప్పదు. కోస్తా నుంచి హైదరాబాద్ వైపు పోయే పశువులకి సూర్యాపేట, కోదాడ మీదుగా 65వ నంబరు హైవే (మా నోట్లో ఇంకా 9వ నంబరే) ఒక దారి, వాడపల్లి, మిర్యాలగూడ మీదుగా అద్దంకి రోడ్డు ఇంకో దారి. ఎండాకాలంలో ఆ రోడ్ల మీద పట్టా కింద ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. విదేశానికి పంపొద్దని సంతకం పెట్టిన నేను ఈ రోడ్డు మీద ఇన్నేళ్ళుగా హారన్ కొట్టి ఓవర్‌టేక్ చేస్తూనే ఉన్నాను.

రోడ్డు మీద లారీలు ఆపేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. కానీ ఆవు కనపడితే ఆపుతారు, డ్రైవర్ పేరు అడిగి కొడతారు. గొర్రెల లారీని ఎవరూ ఆపరు. అది జంతువు మీద ప్రేమ అని నేననుకోను.

గొర్రెలంటే గుర్తొచ్చింది. 2017 జూన్లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. యూనిట్‌కి 20 గొర్రెలూ ఒక పొట్టేలూ, 75 శాతం సబ్సిడీ. పక్క రాష్ట్రాల్లో కొని లారీల్లో తెచ్చారు. 2024లో అసెంబ్లీ ముందుకొచ్చిన కాగ్ నివేదిక చూస్తే, గొర్రెల్ని తెచ్చాయని రాసిన బండి నంబర్లలో బైకులున్నాయి, ఆటోలున్నాయి, కార్లున్నాయి, అంబులెన్సులు కూడా ఉన్నాయి! అందరూ డబ్బులు ఎవరు తిన్నారని అడిగారు, న్యాయమే. నాకు ఇంకో ప్రశ్న కూడా వచ్చింది. సర్కారు సొమ్ముతో కొన్న గొర్రె ఏ బండిలో వచ్చిందో సర్కారు దగ్గరే సరైన లెక్క లేకపోతే, ప్రైవేటు లారీలో గేదెల్ని ఎవరు లెక్కపెడతారు?

వాడపల్లి నుంచి సిమెంటు లోడు బయల్దేరితే ఎన్ని బస్తాలు, ఏ బండి, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, అన్నీ ఈ-వే బిల్లులో ఉంటాయి. 50 వేల రూపాయల సరుకు దాటితే తప్పదు. బతికున్న గేదెలు, గొర్రెలు, మేకల మీద జీఎస్టీ లేదు కాబట్టి వాటికి ఈ-వే బిల్లు కూడా అక్కర్లేదు. పన్ను రాదు కాబట్టి లెక్క లేదు, అంతే.

నేననేది, పన్ను సున్నా వేసి బిల్లు మాత్రం తప్పనిసరి చెయ్యండి. తలల సంఖ్య, బండి నంబరు, డాక్టర్ సర్టిఫికెట్ నంబరు, ఎక్కించిన టైము. ఆరు దాటితే బిల్లు పుట్టకూడదు. ప్రొడక్షన్లో బగ్ పట్టుకునే కంటే ఎంట్రీ ఫారంలోనే ఆపడం తేలికని మనకి వేరే చెప్పాలా? అర్ధరాత్రి రామాపురం క్రాస్‌రోడ్ దగ్గర లారీ ఆపి దించితే ఆ గేదెల్ని ఎక్కడ కట్టేస్తారు, నీళ్ళెవరు పెడతారు? లెక్క సంతలోనే జరగాలి.

ఇది కొత్త ఆలోచనేం కాదు. నేపాల్ గఢిమాయి జాతరకి మన పశువులు తరలిపోతున్నాయన్న కేసులో 2015లో సుప్రీంకోర్టు కదిలించాక, 2017 మేలో కేంద్రం పశువుల సంతలకి నిబంధనలు తెచ్చింది. నీళ్ళు, నీడ, ఎక్కించడానికి ర్యాంపు, డాక్టరు, అన్నీ రాశారు. వాటితోపాటే సంతలో వధకి పశువుని అమ్మకూడదని కూడా ఇరికించారు. దాంతో గొడవై జులైకల్లా సుప్రీంకోర్టు ఆ నిబంధనలు దేశమంతటా ఆగేలా చేసింది. ర్యాంపూ పోయింది, నీళ్ళూ పోయాయి.

డ్రైవర్ ప్రశ్న మాత్రం అలాగే ఉంది. పద్దెనిమిదికి బదులు ఆరే ఎక్కిస్తే తలకి కిరాయి మూడింతలవుతుంది. వ్యాపారి అది తన జేబులోంచి పెట్టడు, పాలు ఎండిపోయిన గేదెని అమ్ముకునే రైతు రేటులోంచి కొంత కోస్తాడు, మాంసం ధర కొంత పెంచుతాడు. పెరిగే ధర నేనిస్తాను, ఇవ్వగలను కూడా. రైతు వాటా తగ్గాలంటే దూరం తగ్గాలి. జిల్లాకొకటి చొప్పున శుభ్రమైన కబేళా ఉంటే గేదె హైదరాబాద్ దాకా రాదు, ఫ్రీజర్ బండిలో మాంసం వస్తుంది. అదొస్తే సూర్యాపేటలో స్థలం చూపించగానే వద్దని ధర్నా చేసేది కూడా బహుశా మనవాళ్ళే.