కాగితం మీద ఎకరం ఉంది, మట్టి మునేరులో పోతోంది

ఏ ఊరేగింపులో నడిచినా మనం జల్, జంగల్, జమీన్ అంటాం. జంగల్ కోసం కొట్లాడతాం, జమీన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతాం. ఆ నినాదంలో మొదటి మాట జల్. అది మాత్రం పెద్ద ప్రాజెక్టు కింద ఊళ్లు మునిగేటప్పుడే మనకు గుర్తొస్తది. పోలవరం గురించి రాయాలి, రాస్తూనే ఉండాలి. ఈసారి మాత్రం నీళ్లలో మునిగే ఊళ్లను కాకుండా, వాన నీళ్లు నిలవక మట్టితో సహా జారిపోయే పొలాలను తలుచుకుందాం.

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట అలాంటి చోటు. పాత కృష్ణా జిల్లాలోది, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలోది. కృష్ణా జిల్లా అనగానే బయటోళ్లకు డెల్టా, కాలువలు, వరి కళ్ల ముందుకొస్తాయి. ఈ మెట్ట సంగతి వేరు. ఇక్కడ పత్తి, మిరప, కంది వేస్తారు. ఒక చోట నల్లరేగడి, ఇంకో చోట ఎర్ర చెలక, చాలా చోట్ల అడుగున సున్నపురాయి. మునేరు, పాలేరు ఖమ్మం వైపు నుంచి దిగి ఇటే కృష్ణలో కలుస్తాయి. సాగర్ ఎడమ కాలువ వస్తది కానీ ఇది దాని చివరి ఆయకట్టు. కాలువకు ఎగువనున్న పొలానికి ఆ నీళ్లు ఎలాగూ ఎక్కవు.

ఈ మెట్టలో లంబాడీ తండాలున్నాయి, ఎరుకల, యానాది కుటుంబాలున్నాయి. ప్రభుత్వం పేదలకు భూమి పంచినప్పుడు చెరువు కింద మాగాణి పంచలేదు. గుట్ట వారన, వాలులో, రాయి తేలిన చోట పంచింది. అసైన్డ్ భూమి చేతులు మారకుండా 1977లో చట్టం కూడా చేశారు. ఆ చట్టం కొనేవాణ్ణి ఆపాలని చూసింది. వానను ఎవరు ఆపాలి?

లెక్క వేసి చూడండి. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు మందం పైమట్టి కొట్టుకుపోతే అది నాలుగు ఘనపు మీటర్లు. తూకంలో ఐదు టన్నులు. పొలంలో నిలబడి చూస్తే ఏమీ పోయినట్టు ఉండదు. కానీ వేసిన ఎరువు, తోలిన పెంట, నేలలోని సారం అంతా ఆ పై పొరలోనే ఉంటది. పదేళ్లు అలా పోతే గులకరాయి మిగులుద్ది. పట్టాదారు పాసు పుస్తకంలో మాత్రం ఎకరానికి ఎకరం భద్రంగా ఉంటది. కబ్జా జరిగితే కనీసం ఎవడి మీద కేసు పెట్టాలో తెలుస్తది. ఇది ఎవడూ కబ్జా చేయకుండానే పోయే భూమి. అందుకే నేల కోతను వ్యవసాయ శాఖ వ్యవహారంగా వదిలేయకుండా భూమి హక్కు సమస్యగా పట్టుకోవాలంటున్నా.

దీనికి మందు కొత్తది కాదు. వాగు పుట్టే చోట చిన్న చిన్న మట్టి కట్టలు, రాతి కట్టలు, ఊట కుంటలు. పరిగెత్తే నీరు మట్టిని మోస్తది. దాని వేగం తగ్గిస్తే మట్టిని కింద పెట్టేస్తది, నిలిచిన నీరు భూమిలోకి దిగుద్ది. పది ఎకరాల వాలు మీద ఐదు సెంటీమీటర్ల వాన పడితే మొత్తం 20 లక్షల లీటర్లు. అందులో కొంత ఆపినా పత్తి కాయ పట్టే సమయంలో ఒక తడికి పనికొస్తది. రాష్ట్రంలో చీఫ్ ఇంజనీరుగా పనిచేసిన టి. హనుమంతరావు చతుర్విధ జల ప్రక్రియ అని చెప్పింది ఇదే. వాన నీరు, నేలలో తేమ, భూగర్భ జలం, పైన పారే నీరు, ఈ నాలుగింటినీ కలిపి చూడాలన్నారు. మెదక్ జిల్లా గొట్టిగారిపల్లెలో దాన్ని చేసి చూపించారు.

మరి ఇక్కడ కట్టలు కట్టలేదా అంటే కట్టారు. 2000లో నీరు-మీరు వచ్చింది, 2015లో నీరు-చెట్టు వచ్చింది, ఉపాధి హామీ కింద కుంటలు తవ్వారు. పథకాలు వస్తాయి, పేర్లు మారతాయి. మనం ఎప్పుడూ అడగని ప్రశ్న ఒకటుంది. కట్ట ఎక్కడ కట్టాలో ఎవరు చెప్పారు? వాగు దిగువన, రోడ్డు పక్కన, మిషను సులువుగా దిగే చోట కట్టిన కట్ట ఫొటోకి బాగుంటది. అది తండా పైనున్న వాలు పొలాన్ని కాపాడదు. పైన ఏ పనీ చేయకుండా కింద కడితే ఆ కుంట కొన్ని వానలకే పూడుద్ది. ఆ పూడిక ఎవరిది? పైనున్న మన పొలం మట్టే.

షెడ్యూల్డ్ ప్రాంతంలో అయితే 1996 పెసా చట్టం చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీల చేతికి ఇవ్వాలంటది. కృష్ణా జిల్లాలో ఐదో షెడ్యూల్ కింద ఒక్క ఊరూ లేదు. పెసా లేదు, 1/70 లేదు. మైదాన గిరిజనులమని మనల్ని పక్కన పెట్టేది ఇక్కడే. పెద్ద పంచాయతీలో తండా ఒక వార్డు, ఒక చెయ్యి. అయినా మన దగ్గర అసలేమీ లేదనుకోవద్దు.

2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాలకే పరిమితం కాదు. అడవి ఆనుకుని బతికే తండాకు అది వర్తిస్తది. సెక్షన్ 3(2) చదవండి. ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, గ్రామసభ సిఫారసు మీద ప్రజా అవసరాలకు ఇవ్వొచ్చు. ఆ అవసరాల జాబితాలో చెరువులు, చిన్న నీటి వనరులు, వాన నీటిని నిలిపే కట్టడాలు ఉన్నాయి. అంటే వాగు రిజర్వు అడవిలో పుట్టినా అక్కడ కట్ట అడిగే దారి ఉంది. అలాగే 2005 ఉపాధి చట్టం పనులను గ్రామసభ సూచించాలంది, కాంట్రాక్టరు ఉండకూడదంది, ఎస్టీల సొంత భూమిలో పనులకు ముందు వరుస ఇచ్చింది. ఆ హక్కులను ఏ కొత్త పేరు కింద తగ్గించినా ఒప్పుకోకూడదు.

ఇక కొందరు మిత్రులు అడిగేది: 2023 జులైలో మునేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్ హైవేనే ఆగిపోయింది, 2024 సెప్టెంబరు వానకు జగ్గయ్యపేట అతలాకుతలమైంది, అలాంటి నీటి ముందు మట్టి కట్ట ఎంత? నిజమే, నది వరదను ఈ కట్టలు ఆపవు. ఆపుతాయని ఎవరన్నా చెబితే నమ్మొద్దు. ఇంకో నిజం కూడా ఉంది. సరిగ్గా కట్టని పై కట్ట తెగితే ఆ నీళ్లు కింది కట్టలను కూడా తీసుకుపోతాయి. మట్టి కట్ట మీదుగా నీళ్లు పొర్లితే అది పోయినట్టే. అందుకే అలుగు ముఖ్యం. కట్ట ఎత్తు కంటే అలుగు వెడల్పు ముందు అడగాలి. పునాది కందకం గట్టి నేల దాకా తవ్వారా, మట్టిని పొరలు పొరలుగా తడిపి దిమ్మిస చేశారా, నీళ్లు తగిలే వైపు రాయి పరిచారా, వెనక వైపు గడ్డి నాటారా చూడాలి. ఇవి చూడ్డానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. పార పట్టినోళ్లకు మట్టి సంగతి తెలుసు.

నేలను బట్టి పని మారాలి. రేగడిలో నీరు త్వరగా ఇంకదు, అక్కడ ఊట కుంట కంటే పొలం గట్లు, మిగులు నీరు పోయే దారి మేలు. ఎర్ర చెలకలో ఊట కుంట బాగా పనిచేస్తది. సున్నపురాయి పగుళ్లున్న చోట నీళ్లు ఎటు దిగి ఎటు తేలతాయో ముందు చూసుకోవాలి.

అన్నింటికంటే పెద్ద చిక్కు, దిగిన నీళ్లు ఎవరివి అన్నది. తండా కూలి చేసి కట్ట కడుద్ది, కింద లోతు బోరున్న ఆసామి మోటరు వేసి తోడేస్తాడు. భూమి లోపల గట్లు ఉండవు కదా. అందుకే కట్టతోపాటు నీటి లెక్క కూడా అడగాలి. అనంతపురం, ప్రకాశం, నల్గొండ లాంటి జిల్లాల్లో రైతులే వాన, బావుల నీటిమట్టం కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని నీటి బడ్జెట్ వేసుకున్న అనుభవం మన తెలుగు నేల మీదే ఉంది. బోర్ల మీద అదుపు కోసం 2002 నాటి వాల్టా చట్టం ఉంది.

చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ చేతిలో ఫోన్ ఉంది. ఈ వానాకాలం గట్టి వాన పడ్డ రోజు తండా పైకి ఎక్కండి. నీరు ఎక్కడ పుడుతోంది, ఎక్కడ ఎర్రగా మారుతోంది, ఏ పొలంలో గండి పడుతోంది ఫొటోలు తీయండి. పెద్దోళ్లను, మేకలు కాసే అమ్మలను పక్కన కూర్చోబెట్టుకుని మ్యాపు గీయండి. పాత కట్టల్లో ఏవి పూడాయి, ఏవి తెగాయి రాయండి. అక్టోబర్ 2 గ్రామసభలో ఆ మ్యాపు పెట్టి, పై నుంచి కిందికి వరసగా పనులు అడగండి. తీర్మానం పుస్తకంలో రాసేదాకా లేవొద్దు. నకలు తీసుకోండి.

కట్ట మన వాలులో ముందు పడాలి, కూలి మనకు రావాలి, నీటి లెక్కలో మన మాట ఉండాలి. పాసు పుస్తకంలో ఉన్న ఎకరం నేల మీద కూడా ఉండాలి.

జల్, జంగల్, జమీన్! జోహార్!