కంప్యూటర్ చదువుకు తెలుగు అడ్డమా?

ఏటా బడులు తెరిచే వేళకు తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే మాట ఒకటే: ‘‘పిల్లాణ్ని కంప్యూటర్ చదివించాలనుకుంటున్నాం. తెలుగు సెక్షన్‌లో ఉంచితే వెనకబడిపోడా?’’ హోసూరులో, బరంపురంలో, షోలాపూర్‌లో ఎక్కడైనా ఇదే భయం. అమెరికాలోని ఒక కంప్యూటర్ స్కూలు చరిత్ర చూస్తే ఈ భయం కొంత తీరుతుంది.

పిట్స్‌బర్గ్‌లోని నేటి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1965లో కంప్యూటర్ సైన్స్ విభాగం మొదలైంది. అలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్, అలన్ పెర్లిస్ దానికి ఆద్యులు. ఈ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డును 1966లో మొట్టమొదట అందుకున్నది పెర్లిసే. 1975లో అది న్యూవెల్, సైమన్‌లకు దక్కింది. సైమన్ డాక్టరేట్ రాజనీతి శాస్త్రంలో. 1978లో ఆయనకు నోబెల్ వచ్చింది ఆర్థికశాస్త్రంలో. ఆ విభాగమే 1988లో ప్రత్యేక స్కూలుగా ఎదిగింది.

1991 నుంచి 1999 దాకా ఆ స్కూలుకు డీన్‌గా ఉన్నది మన రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో తెలుగు రైతు కుటుంబంలో పుట్టారు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివారు. 1958లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో పట్టా పుచ్చుకున్నారు. మనిషి మాటను కంప్యూటర్ గుర్తుపట్టడం మీద 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేశారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

ఇంగ్లిష్ రాకుండా ఆయన అంత దూరం వెళ్లలేదు. మేమూ ఇంగ్లిష్ వద్దనడం లేదు. తెలుగు వదిలితేనే ఇంగ్లిష్ వస్తుందన్న లెక్క తప్పంటున్నాం. మనిషి మాట కంప్యూటర్ చదువుకు బయటిది కాదని ఆయన పరిశోధనే చెబుతోంది. ఇవాళ యంత్రానికి తెలుగు నేర్పాలంటే తెలుగు రాతలు, తెలుగు గొంతులు కావాలి. అది నేర్చినదాంట్లో తప్పొప్పులు పట్టడానికి భాష బాగా వచ్చినవాళ్లు కావాలి. ఇంట్లో తెలుగు, వీధిలో రాష్ట్ర భాష, బడిలో ఇంగ్లిష్ వాడే మన పిల్లలకు ఆ పనిలో చోటు లేకుండా పోదు.

లోపం మనవైపూ ఉంది. మన బడుల్లో ఎన్నిట్లో పిల్లలు కంప్యూటర్ మీద తెలుగులో ఒక పేరా టైపు చేయగలరు? ఉపాధ్యాయులు వారానికి ఒక్క పీరియడ్ దానికి కేటాయించాలి. అమ్మమ్మ చెప్పే కథను ఫోన్‌లో రికార్డు చేసి, విని, పిల్లలతో తెలుగులో ఎక్కించాలి. దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. తల్లిదండ్రులు తెలుగు సెక్షన్ మాన్పించే ముందు ఆ పీరియడ్‌లో ఒకసారి వచ్చి కూర్చోవాలి.