పదేళ్లు నిండేలోపే చెప్పండి

మగపిల్లలున్న ప్రతి తల్లీ తండ్రీ ముందు ఈ సంగతి తెలుసుకోండి. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య కుర్రాడికి ఉన్నట్టుండి ఒక వృషణంలో విపరీతమైన నొప్పి మొదలై, వాపు, వాంతులు కూడా వస్తే అది మెలిపడి ఉండొచ్చు. మెలిపడినదానికి రక్తం అందదు. ఆరు గంటల్లోపు ఆపరేషన్ చేసి ఆ మెలి విప్పితే చాలావరకు దక్కుతుంది. ఒక రోజు గడిచిపోతే సాధారణంగా తీసెయ్యడం తప్ప మరో దారి ఉండదు. తెల్లారేదాకా ఓర్చుకోవాల్సిన నొప్పి కాదిది. అయినా పిల్లలు ఓర్చుకుంటారు. అమ్మకు చెప్పడానికి సిగ్గు, నాన్నకు చెప్పడానికి భయం. మరీ తట్టుకోలేకపోతే కడుపునొప్పి అంటారు. ఇంట్లోవాళ్లు వాము నీళ్లు తాగించి పడుకోబెడతారు.

ఆ పిల్లవాడి నోరు కట్టేసింది మనమే. కన్ను, ముక్కు, చెవి అని ఒక్కొక్కటీ ముట్టుకుని మురిపెంగా పేర్లు నేర్పినవాళ్లం బొడ్డు దగ్గరికి వచ్చి ఆగిపోయాం. ఆ కింద చెయ్యి పెడితే ఛీ అన్నాం, చేతి మీద ఒకటి వేశాం. పన్నెండేళ్లకు అక్కడ నొప్పి పుడితే వాడు ఎవరికి, ఏమని చెప్పుకోవాలి? గురుకులాల్లో, ఇంటర్ హాస్టళ్లలో ఉండే పిల్లల సంగతి తలచుకుంటే ఇంకా భయమేస్తుంది. అక్కడ అర్ధరాత్రి వార్డెన్‌ను లేపి చెప్పాలి. హాస్టల్ నడిపే ప్రతి ఒక్కరూ పిల్లలు చేరిన మొదటి వారంలోనే ఈ ముక్క వాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పి తీరాలి.

ఆడపిల్లల విషయంలో మనం చాలా చేస్తున్నామనుకుంటాం. పెద్దమనిషి అయిందనగానే చాప వేసి కూర్చోబెడతాం, చిమ్మిలి దంచి పెడతాం, మేనమామకు కబురు చేస్తాం, ఫంక్షన్ హాలు మాట్లాడతాం, వీధి మొదట్లో ఫ్లెక్సీ కడతాం. వేడుకను తప్పు పట్టడం లేదు. ఆ వయసులో నువ్వులూ బెల్లమూ పెట్టాలని మన ముసలమ్మలకు తోచడం మంచి ఆలోచనే. కానీ ఇంతమంది మధ్య కూర్చున్న ఆ పిల్లకు రక్తం ఎందుకు వచ్చిందో, ఎన్ని రోజులుంటుందో, ఎంత పోతే ఎక్కువో చెప్పే మనిషి ఎందరిళ్లలో ఉన్నారు? దేవుడి గది వైపు వెళ్లకు, ఊరగాయ ముట్టుకోకు అనేవే ఆమె వినే మొదటి పాఠాలు.

చెప్పాల్సింది ఇది. మొదటి ఒకటి రెండేళ్లు తేదీలు అటూ ఇటూ కావడం మామూలే. ఏడు రోజులు దాటినా ఆగకపోయినా, గంటగంటకూ ప్యాడ్ తడిసిపోతున్నా డాక్టరుకు చూపించాలి. పదిహేనేళ్లు నిండినా నెలసరి మొదలుకాకపోతే చూపించాలి. ఎనిమిదేళ్లు నిండకముందే రొమ్ములు పెరుగుతున్నా చూపించాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-19 ఏళ్ల అమ్మాయిల్లో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 60 మంది, తెలంగాణలో దాదాపు 65 మంది. దానికి తిండి లోపం, నులిపురుగులు లాంటి కారణాలు చాలా ఉన్నాయి. అయితే ప్రతి నెలా అతిగా రక్తం పోతున్నా ఆడపుట్టుక అంటే ఇంతేననుకుని పళ్ల బిగువున భరిస్తున్న పిల్లలు కూడా ఆ లెక్కలో ఉన్నారు.

మగపిల్లలకైతే ఆ పాటి పలకరింపు కూడా ఉండదు. గొంతు బొంగురుపోతుంది, నిద్రలో బట్టలు తడుస్తాయి, తనకేదో రోగం వచ్చిందని హడలిపోతాడు. బస్టాండు గోడల మీద 'నరాల బలహీనత' పోస్టర్లు అంటించేవాళ్లు బతికేది ఈ హడలు మీదే. నిద్రలో వీర్యం పోవడం జబ్బు కాదనీ, దానివల్ల ఒంట్లో సత్తువ తగ్గదనీ, మందు అక్కర్లేదనీ చెప్పడానికి నాన్నకు రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు ఇంట్లో దొరకని తరాలకు డాక్టర్ సమరం స్వాతి వారపత్రికలో ఏళ్ల తరబడి జవాబులు రాశారు. పిల్లలు దాచుకుని చదివినా, చదివింది ఒక డాక్టరు మాట. ఇవాళ పదకొండేళ్ల పిల్లవాడు అదే సందేహంతో ఫోన్ తెరిస్తే ముందుగా వచ్చేది నీలిచిత్రం. అవతలి మనిషి ఇష్టాన్ని అడగాలన్న ఆలోచనే లేని చోట వాడు స్త్రీ పురుషుల సంబంధం గురించి నేర్చుకుంటున్నాడు.

ఈ మౌనం వల్ల అన్నిటికన్నా ఎక్కువ లాభపడేది పిల్లల మీద చెయ్యి వేసేవాడు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో జరిపించి 2007లో విడుదల చేసిన అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఏదో ఒక రకమైన లైంగిక వేధింపుకు గురయ్యామని నూటికి 53 మంది పిల్లలు చెప్పారు. వాళ్లలో సగానికి పైగా మగపిల్లలే. చాలామంది ఆ సంగతి అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద నమోదైన కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు పిల్లలకు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. అంటే చుట్టం, పక్కింటివాడు, ట్యూషన్ మాస్టారు, ఆటో నడిపేవాడు. పెద్దవాళ్లు చెప్పినట్టు వినాలని మాత్రమే నేర్పిన పిల్ల వాళ్లకు ఎదురు చెప్పలేదు. 'బాబాయి అయినా, మాస్టారైనా నీ ఒంటి మీద అక్కడ చెయ్యి వేస్తే అరువు, పరుగెత్తు, నాకు చెప్పు. ఎవరికీ చెప్పొద్దని ఎవరన్నా అంటే అది నాకు ముందు చెప్పాలి. నేను నిన్ను తిట్టను.' ఐదేళ్ల పిల్లకు ఈ నాలుగు మాటలు అర్థమవుతాయి. ఒకసారి చెప్పి వదిలెయ్యకండి. స్నానం చేయించేటప్పుడు, తల దువ్వేటప్పుడు మళ్లీ మళ్లీ చెప్పండి.

ఫొటో పంపమని అడిగి, పంపాక డబ్బు కోసం బెదిరించేవాళ్లు ఇప్పుడు ఫోన్ ఉన్న ప్రతి పిల్లవాడికీ చేరువలోనే ఉన్నారు. పంపిన పిల్లకు వాళ్ల బెదిరింపు కన్నా మన కోపమే పెద్ద భయం. ఆ భయంలోనే పిల్లలు ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు. పంపినా ఫర్వాలేదు, ఫోన్ తీసుకుని నా దగ్గరికి రా అని ముందే చెప్పి ఉంచండి. సైబర్ నేరాల నంబరు 1930, పిల్లల సహాయానికి 1098.

ఇక పదిహేను, పదహారేళ్ల ప్రేమలు. వాటిని కాదనుకుంటే లేకుండా పోవు. మన పిల్లల్లో చాలామందికి పోక్సో చట్టం సంగతి తెలియదు. 2012 నవంబర్ 14 నుంచి అమలులో ఉన్న పోక్సో ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల సమ్మతి చెల్లదు. పదిహేడేళ్ల అమ్మాయి ఇష్టపడే వచ్చిందని పందొమ్మిదేళ్ల కుర్రాడు ఎంత మొత్తుకున్నా, వాళ్లు శారీరకంగా కలిసినట్టు రుజువైతే కనీస శిక్ష పదేళ్లు. అమ్మాయికి పదహారు నిండకపోయినా, గర్భం వచ్చినా ఇరవై ఏళ్లు. ఇది తెలియక పారిపోయి, తిరుపతిలోనో యాదగిరిగుట్టలోనో తాళి కట్టుకుని పోలీసులకు దొరికే జంటలకు ముందుగా ఎవరు చెప్పాలి? ఇంకోవైపు, ప్రేమ వ్యవహారం బయటపడగానే చదువు మాన్పించి పెళ్లి చేసేసే తల్లిదండ్రులున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 20-24 ఏళ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో తల్లులైనవాళ్లూ గర్భిణులూ దేశమంతటా నూటికి ఏడుగురి లోపే ఉంటే ఇక్కడ పన్నెండు దాటారు. పదహారేళ్ల ఒంటికి కాన్పు ఎంత ప్రమాదమో ఆ పిల్లకు పీటల మీద కూర్చోకముందే తెలియాలి.

కాదన్న అమ్మాయిని వదిలెయ్యడం మగపిల్లలకు నేర్పాలి. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజినీరింగ్ చదివే ఇద్దరమ్మాయిల మీద యాసిడ్ పోశారు, ఒకరు చనిపోయారు. ఆ తర్వాత కూడా 'ప్రేమోన్మాది' అనే శీర్షిక మన పత్రికల్లోంచి పోలేదు. వద్దన్నా వెంటపడడం 2013 నుంచి శిక్షార్హమైన నేరం. మన సినిమాల్లో అలా వెంటపడేవాడే చివరికి పెళ్లికొడుకవుతాడు. ఆ సినిమా చూసి వచ్చిన రాత్రి అన్నం తింటూ, ఆ అమ్మాయి వద్దంది కదా, అతను ఎందుకు ఆగలేదు అని కొడుకుని అడగండి. వాడు ఏమంటాడో వినండి.

చెబితే చెడిపోతారని భయపడేవాళ్లున్నారు. 2007లో కౌమార విద్యా కార్యక్రమాన్ని కొన్ని రాష్ట్రాలు నిషేధించాయి. 2009లో రాజ్యసభ పిటిషన్ల కమిటీ కూడా బడుల్లో లైంగిక విద్య వద్దంది. ఆ భయం నిజం కాదని వివిధ దేశాల అనుభవాలను పరిశీలించిన యునెస్కో మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో ఇదే అపోహను తోసిపుచ్చి, పిల్లలకు సమగ్ర లైంగిక విద్య కావాలంది. మనకు కొత్త పుస్తకం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో కౌమార దశ పాఠం ఉంది. ఇంట్లో చదువుకోండని పేజీలు తిప్పేసే ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలి. బడిలో తన కింద పనిచేసేవాళ్లు పిల్లలను వేధించారని తెలిసి పరువు కోసం దాచే ప్రధానోపాధ్యాయుడికి పోక్సో 21వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు శిక్ష పడొచ్చని విద్యాశాఖ ప్రతి బడికీ రాసి పంపాలి.

తల్లిదండ్రులు మీ పిల్లల బడిలో జూన్ తర్వాత జరిగే మొదటి సమావేశానికి వెళ్లండి. కౌమార దశ పాఠం ఏ నెలలో చెబుతారు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఎవరు చెబుతారు, పిల్లలు ఫిర్యాదు చెయ్యాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి అని అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.