పర్ణశాలలో ఒక పూట అడవి భోజనం

భద్రాచలం నుంచి 35 కిలోమీటర్లు వచ్చినవాళ్లకు పర్ణశాలలో బంగారులేడి, సన్యాసి వేషంలో రావణుడు, సీతమ్మవాగు దగ్గర నారచీర ఆరేసిన గుర్తులు చూపిస్తాం. మరి సీతారాములు వనవాసంలో ఏం తిన్నారండీ అని పిల్లలు అడిగితే చూపించడానికి ఏమీ లేదు. బడిపిల్లలను వెంటబెట్టుకొచ్చే పంతులుగా నాకీ లోటు బాధగా ఉంటుంది.

స్వీడన్‌లోని స్కాన్సెన్ అనే ఆరుబయలు మ్యూజియంలో 1891 నుంచీ పాతకాలపు ఇళ్లూ పనులూ కళ్లకు కట్టిస్తున్నారు. మనకు నటించే పనే లేదు. దుమ్ముగూడెం మండలం కోయగూడేల్లో అడవి వంట తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. తెల్లారేసరికి రాలిన ఇప్పపూలు ఏరి, ఎండబెట్టి, వేయించి, చేత్తో నలిపి కేసరాలు చెరిగేస్తారు. అడ్డాకులను వెదురుపుల్లలతో విస్తరిగా కుడతారు. వేడి జొన్నసంకటి వడ్డిస్తే ఆకు వాసన ముద్దకు పడుతుంది.

శ్రీరామనవమికీ ముక్కోటి ఏకాదశికీ జనం పోటెత్తే రోజుల్లో ఇక్కడో పందిరి వేసి ఈ భోజనం పెట్టాలి. గుడి దగ్గర కాబట్టి మాంసం లేకుండా అంబలి, దుంపలు, ఆకుకూరలు చాలు. వండేదీ, ధర చెప్పేదీ, డబ్బు తీసుకునేదీ కోయ ఆడవాళ్లే కావాలి. కాంట్రాక్టరు చేతికిచ్చి, కోయవాళ్లను కొమ్ముల తలపాగాలతో ఫొటోలకు నిలబెడితే నేను ఒప్పుకోను. గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), దేవస్థానం కలిసి వచ్చే నవమికి జాగా చూపించాలి.