చివరి వరుసలో కూర్చునే అమ్మ కోసం

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఎప్పుడూ తలుపు పక్కన, చివరి వరుసలో కూర్చునేది. మొదట ఉపవాస ప్రార్థనలకు రావడం మానేసింది. తర్వాత ప్రభు భోజనానికీ రాలేదు. విశ్వాసంలో చల్లబడిందని అనుకున్నాం. చివరికి నా భార్య దగ్గర ఏడ్చి చెప్పింది: దగ్గినా, తుమ్మినా, పాటకు లేచి నిలబడినా మూత్రం పడిపోతోంది. రెండేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఇది పాపానికి శిక్ష కాదు. వయసు మీద పడితే భరించాల్సిందే అనడమూ తప్పే. ఇది చికిత్స ఉన్న జబ్బు.

దగ్గినప్పుడు, బరువు ఎత్తినప్పుడు కారడం ఒక రకం. కాన్పుల వల్ల కటి కండరాలు సడలడం దీనికి ముఖ్య కారణం. దీనికి మొదటి చికిత్స వ్యాయామమే. మూత్రాన్ని ఆపుకుంటున్నట్టు ఆ కండరాలను బిగించి, కొద్దిసేపు ఉంచి వదలాలి. విడతకు కనీసం 8 సార్లు, రోజుకు 3 విడతలు, కనీసం 3 నెలలు చేయాలి. మూత్రం పోసేటప్పుడు మాత్రం చేయకూడదు. దీనికి పైసా ఖర్చు లేదు.

ఉన్నట్టుండి ఆగలేనంతగా వచ్చి, మరుగుదొడ్డికి చేరేలోపే పడిపోవడం ఇంకో రకం. మూత్రానికి వెళ్లే వ్యవధిని కొద్దికొద్దిగా పెంచే సాధన కనీసం 6 వారాలు చేయాలి. కాఫీ, టీలు తగ్గించాలి. అప్పటికీ తగ్గకపోతే మాత్రలున్నాయి. మొదటి రకానికి ఆపరేషన్ కూడా ఉంది. గర్భసంచి తీసేయడం మాత్రం ఈ జబ్బుకు చికిత్స కాదు. ఎవరైనా ఆ మాటంటే ఇంకో డాక్టరును అడగండి.

కష్టమైన కాన్పు తర్వాత రాత్రింబవళ్లు కారుతూనే ఉంటే అది ఫిస్టులా కావచ్చు. దానికి ఆపరేషన్ ఉంది. అలాంటి స్త్రీల కోసమే ఆస్ట్రేలియాకు చెందిన క్రైస్తవ వైద్యురాలు కేథరిన్ హామ్లిన్, ఆమె భర్త 1974లో ఇథియోపియాలో ఆసుపత్రి స్థాపించారు.

చెన్నైలోనైనా, ముంబైలోనైనా మన స్త్రీలలో ఎందరో వీధులు ఊడుస్తారు, ఇళ్లలో పని చేస్తారు. పనిచోట మరుగుదొడ్డి లేక నీళ్లు తాగడం మానేస్తారు. దానివల్ల మూత్రం చిక్కబడి బాధ ఇంకా పెరుగుతుంది. బజారులో తమిళమో, మరాఠీయో ధారాళంగా మాట్లాడే అమ్మ కూడా డాక్టరు ముందు ఈ మాట దగ్గర ఆగిపోతుంది. పక్కన కొడుకు ఉంటే అసలే నోరు రాదు. కూతురో, స్త్రీల సమాజం సోదరో తోడు వెళ్లాలి.

మైకులకు, కీబోర్డులకు చందాలు ఎత్తాం. మన మందిరాల్లో ఎన్నింటికి నీళ్లూ గడియా ఉన్న స్త్రీల మరుగుదొడ్డి ఉంది? యౌవనస్థులారా, ఈ పని మీరు తలకెత్తుకోండి. పాస్టర్లారా, రెండున్నర గంటల ఆరాధన మధ్యలో పది నిమిషాలు విరామం ఇవ్వండి.

పన్నెండేళ్ల రక్తస్రావంతో వెనుకనుండి చాటుగా వచ్చిన స్త్రీ కోసం యేసు ఆగాడు. ఆమెను గద్దించలేదు, కుమార్తెగా పిలిచాడు. ఆయన వెంట నడుస్తున్నామనే మనం కూడా ఆగాలి.

మా పెద్దమ్మ వ్యాయామం మొదలుపెట్టి మూడో నెల. ఇప్పటికీ చివరి వరుసే. కానీ వస్తోంది.