బిడ్డలను విడదీయు శాసనములు

పరదేశమున నొక ప్రభుత్వము తల్లిదండ్రుల చేతులనుండి బిడ్డలను లాగికొన్నదని విన్నప్పుడు మన హృదయము మండును. మండవలసినదే. కాని యా కోపము చల్లాఱకముందే మన సొంత చరిత్రములోని యొక పుటను గూడ చదువుకొనుట యుచితము.

2018 ఏప్రిల్ మాసమున అమెరికా ప్రభుత్వము, దక్షిణపు సరిహద్దును అనుమతి లేక దాటిన ప్రతి మనుష్యుని నేరస్థునిగా విచారింప నిశ్చయించెను. పెద్దలు చెఱసాలకు పోయిరి. చెఱసాలలో బిడ్డలకు చోటు లేదు గనుక వారిని వేఱు శరణాలయములకు తరలించిరి. ఏ బిడ్డ యే తల్లిదో తెలుపు లెక్కలైనను సరిగా నుంచలేదు. లోకమెల్ల నిందింపగా జూన్ 20వ తేదీన అధ్యక్షుడే యా పద్ధతిని నిలుపవలసి వచ్చెను. జూన్ 26వ తేదీన శాన్ డియాగోలోని న్యాయాధిపతి డేనా సాబ్రా, ఐదేండ్లలోపు శిశువులను 14 దినములలోను, తక్కినవారిని 30 దినములలోను కన్నవారికి చేర్పుడని యాజ్ఞాపించెను. అప్పటికి విడిపోయినవారు వేలకొలది. వారిలో కొందఱు తిరిగి కలిసికొనుటకు సంవత్సరములు పట్టినవి.

ఇది యమెరికావారు క్రొత్తగా కనిపెట్టిన విద్య కాదు. 1871లో పుట్టిన నేరస్థజాతుల చట్టమును ఆంగ్ల ప్రభుత్వము 1911లో మార్చి చెన్నరాజధానికిని విస్తరింపజేసెను. ఆఱేండ్లు దాటి పదునెనిమిదేండ్లు నిండని బిడ్డలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి ప్రత్యేక పాఠశాలలలో నుంచు నధికారమును ఆ శాసనము ప్రభుత్వమునకిచ్చెను. బిడ్డ దొంగిలించెనా యను ప్రశ్నయే లేదు. ఆ కులమున పుట్టుటయే చాలును.

ఆ కులములవారెవరు? మన యెఱుకలవారు. తరతరములుగా ఎద్దులమీదను, గాడిదలమీదను సముద్రతీరపు టుప్పును మెట్టసీమలకు కొనిపోయి, ధాన్యమునకు మార్చి జీవించినవారు. దొరతనమువారి యుప్పు విధానమును, రైలుబండియు నా వర్తకమును చంపినవి. బ్రతుకుతెరువు పోయినవాని సంచారమే పిమ్మట నేరమైనది! గుంటూరు మండలమున స్టూవర్టుపురము సాల్వేషన్ ఆర్మీవారి చేతను, నెల్లూరు మండలమున కావలి బాప్టిస్టు మిషనువారి చేతను నడుపబడిన సెటిల్‌మెంటులు. 1936లో జవాహర్లాల్ నెహ్రూ నెల్లూరికి వచ్చినపుడు ఈ చట్టమును తీవ్రముగా ఖండించెను. స్వరాజ్యము వచ్చిన పిదప 1952 ఆగష్టు 31వ తేదీన దేశమంతట నది రద్దయ్యెను. శాసనము పోయినది గాని మచ్చ పోలేదు. స్టూవర్టుపురమను పేరు వినగానే నేటికిని నవ్వుచు దొంగల మాట యెత్తువారు మనలో లేరా?

“ఆ పని బిడ్డల మేలుకొఱకే కదా! చదువు వచ్చును, వృత్తి వచ్చును” అని యనువారు కలరు. చదువు మంచిదే. ఆ చదువు కొఱకు ప్రభుత్వము కన్నవారి గుడిసె చెంతనే బడి పెట్టవచ్చును. బిడ్డను దూరము చేయుటయే యుద్దేశమైనపుడు చదువు సాకు మాత్రమే. సరిహద్దును కాచుకొనుట ప్రతి రాజ్యమునకు హక్కు. అందులో వివాదము లేదు. కాని తండ్రిని భయపెట్టుటకు బిడ్డను బందీ చేయుట దండనీతి కాదు. దేవకి యొడిలోని శిశువులను లాగికొన్న కంసుడును తన రాజ్యరక్షణమునకే యట్లు చేసితిననుకొనెను.

ఈ సంగతి మన గడపకు దూరము కాదు. మన తాలూకాల నుండి యమెరికాకు ఉద్యోగమునకు పోయిన దంపతుల వెంట పసితనమున వెళ్ళిన బిడ్డకు 21 ఏండ్లు నిండగానే తల్లిదండ్రుల వీసా నీడ తొలగిపోవును. గ్రీన్‌కార్డులలో ఏ యొక్క దేశమునకును ఏటేట నూటికి ఏడింటికి మించరాదను నియమము వలన భారతీయుల వంతు దశాబ్దములకు గాని రాదు. వేఱు వీసా దొరకనిచో ఆ బిడ్డ పెరిగిన యూరిని, కన్నవారిని విడిచి రావలసినదే. ఇక్కడ సంకెలలు లేవు, నిజమే. కాని విడదీయునది శాసనమే.

కన్నవారే బిడ్డకు హాని చేయుచున్నారని న్యాయస్థానము విచారించి తేల్చినపుడు తప్ప, ఏ ప్రభుత్వమును తల్లిబిడ్డలను వేఱు చేయరాదు. ఈ సూత్రమును మనము పరులకు బోధింపదలచినచో మొదట మన చెఱువుగట్ల మీద నిలిచి చూడవలెను. గణపవరము మొదలు కొల్లేటి యంచు వఱకు చేపల చెఱువుల కాపలాకు దూరప్రాంతముల నుండి వచ్చి గట్టుమీది పాకలో కాపురముండు కుటుంబములు కలవు. బిడ్డను వెంట నుంచుకొన్న బడి లేదు; బడి కావలెనన్న బిడ్డను ముసలివారియొద్ద స్వగ్రామమున విడువవలెను. ఏ చట్టమును వారిని విడదీయుటలేదు. మన యశ్రద్ధ విడదీయుచున్నది.

ఆసామి కాపలావానిని కుదుర్చుకొను దినముననే అతని బిడ్డను సమీపపు బడిలో చేర్పించుట యెంత పని? దూరమైనచో బడికి పోవు దారి యేర్పఱచుట యెంత వ్యయము? వచ్చు పంటకాలమునకు ముందే మన గ్రామపెద్దలు ఈ పనికి పూనుకొందురుగాక. అమెరికాలోని మన మనుమల కొఱకు న్యాయము కోరు గొంతుకు అప్పుడే బలము చేకూరును.