గోడ మీద చోటు
సోలాపూర్ కుమఠా నాకాలో సాంచాల (మరమగ్గాల) చప్పుడు దాటి ఏ ఇంట్లో అడుగుపెట్టినా గోడ మీద మామూలుగా కనిపించేవి రెండే: పెళ్లి ఫొటో, దండేసిన పెద్దాయన ఫొటో. ఒకే అద్దె గదిలో ఉంటూ, ఒకే చాటలో ఆకూ తంబాకూ పోసుకుని బీడీలు చుట్టుకునే ఇద్దరాడవాళ్లు ఒకరికొకరు జంటగా బతుకుతుంటే, వాళ్లకు ఆ గోడ మీద చోటు లేదు. అలాంటివాళ్లు మనలో లేరా? ఫొటో బయటపడితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. 1987లో భోపాల్‌లో ఇద్దరు మహిళా పోలీసులు పెళ్లి చేసుకున్నారు. ఫొటో పేపర్లకెక్కింది, ఉద్యోగాలు మాత్రం మిగల్లేదు. అయినా ఫొటో తీయాలనే నేనంటాను. అమెరికాలో జోన్ బైరెన్ 1979లోనే లెస్బియన్ల ఫొటోలతో ‘ఐ టు ఐ’ పుస్తకం సొంతంగా వేశారు. దక్షిణాఫ్రికాలో జనేలే ముహోలి 2006లో మొదలుపెట్టి నల్లజాతి లెస్బియన్ల ఫొటోలు తీస్తూ, ఒక్కోదానికి పేరూ ఊరూ ఏడాదీ జోడిస్తున్నారు. 2012లో దొంగలు ఆ ఫొటోలున్న హార్డ్‌డ్రైవ్‌లు ఎత్తుకుపోయినా ఆపలేదు. పేరుతో సహా నిలబెట్టడం, అదీ నాకు నచ్చింది. కానీ మన దగ్గర పేరు బయటపెట్టేంత తొందర పనికిరాదు. 2018లో స్వలింగ సంబంధాలను నేరమనే సెక్షన్ 377 కోరలు ఊడాయి కానీ 2023లో సుప్రీంకోర్టు ఇలాంటి జంటల పెళ్లికి గుర్తింపు ఇవ్వలేదు. గల్లీ పెద్దల తీర్పు సంగతి చెప్పక్కర్లేదు. అందుకే కెమెరా పట్టుకొచ్చే కుర్రాళ్లకు నా షరతు: ముఖం చూపాలో వద్దో ఆ జంటే చెప్పాలి, ఫొటోను ఏ పోటీకైనా పంపేముందు వాళ్లను మళ్లీ అడగాలి, నిన్న సరేనన్నవాళ్లు ఇవాళ వద్దంటే మారుమాట లేకుండా చెరిపేయాలి.